గడప దాటిన నల్లపిల్లి

"టమార్ వెరిల్ పోయింది, సార్జెంట్ గారూ. సముద్రం పోటు మీదుండగా పోయింది."

డైనా పోస్ట్‌గేట్ గుమ్మంలోనే నిలబడి ఆ మాట అంది. ఆమె శాలువా మీద పడిన మంచు ఇంకా కరగలేదు.

సార్జెంట్ ఏమోస్ గార్బట్ ఓట్స్ గంజిలో చెంచా వదిలేసి లేచాడు.

స్కార్‌విక్ అనే ఈ సముద్రపొడ్డు ఊళ్ళో మంచం పట్టిన మనిషి ఆటు మీదే పోతాడు. నీరు ఒడ్డు వదిలి వెనక్కి వెళ్ళేటప్పుడు ప్రాణాన్ని వెంట తీసుకుపోతుంది. నీరు ఒడ్డుకెక్కుతున్న వేళ ఎవరూ పోరు. అలా పోయారంటే ఎవరో పంపించి ఉండాలి.

"ఎన్నింటికి?"

"హెస్టర్ ఏడింటికి పాలకెళ్ళింది. ఏడున్నరకి వచ్చి చూస్తే పోయి ఉంది. ఆరింటికే నీరు తిరిగింది గదా! నేను ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి శవాలకి స్నానాలు చేయిస్తున్నా. మా ఆయన సంగతి మీకు తెలీదా? పెళ్ళికే ఆలస్యంగా వచ్చిన మనిషి. అంతటివాడూ ఆటు టైముకి ఠంచనుగా పోయాడు."

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"డాక్టర్‌తో అన్నాను. నవ్వాడు. నవ్వి, పైకెళ్ళి శవాన్ని చూశాడు. కిందికొచ్చేటప్పుడు మాత్రం నవ్వులేదు."

గార్బట్ టోపీ అందుకున్నాడు.

*

టమార్ వెరిల్‌కి డెబ్భై ఒకటి. కడుపులో కంతి. మూడేళ్ళుగా మంచంలో ఉంది. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన కూతురు హెస్టర్ సేవ చేస్తోంది. పెద్దకొడుకు రూబెన్ పక్కవీధిలో ఉంటాడు, పడవ ఉంది. చిన్నకొడుకు జేబెజ్ హల్ రేవు నుంచి ట్రాలర్ అనే పెద్ద చేపల ఓడ మీద ఐస్‌లాండ్ వైపు వేటకి వెళ్ళాడు. 1927 కొత్త సంవత్సరం పండగ మర్నాడు బయల్దేరాడు. ఇది ఫిబ్రవరి.

పై గది చల్లగా ఉంది. కిటికీ జానెడు తెరిచి ఉంది. చావు జరిగిన ఇంట్లో చేసినట్టు అద్దం మీద దుప్పటి కప్పి ఉంది.

డాక్టర్ లాసెల్స్ చేతులు కడుక్కుంటున్నాడు. దేశం దక్షిణ భాగం నుంచి వచ్చినవాడు. ఊరికొచ్చి రెండేళ్ళయింది.

"పెదవుల లోపలి వైపు కమిలింది. కళ్ళలో ఎర్రటి చుక్కలున్నాయి. గొంతులో ఇది దొరికింది."

చిన్న గాజు పలక మీద ఒక ఈక ఉంది. వేలిగోరంత. బూడిద రంగు. కొస కాస్త నీలంగా ఉంది.

"ముఖం మీద నొక్కి ఊపిరాడకుండా చేశారు సార్జెంట్. ఆయుధం కోసం వెతకక్కర్లేదు. తల పక్కనే ఉంది."

గార్బట్ దిండు చేతిలోకి తీసుకున్నాడు. బాగా పాతది. మూల కుట్టు ఊడినచోట తెల్లటి ఈకలు బయటికి పొడుచుకొచ్చాయి. ఒకటి లాగి చూశాడు. మళ్ళీ గాజు పలక వైపు చూశాడు. లాగిన ఈకని జేబులో వేసుకున్నాడు.

"రెండు రోజుల కంటే బతకదని నేనే చెప్పాను" అన్నాడు డాక్టర్. "చెప్పి రెండు వారాలు కావస్తోంది. నీళ్ళు తప్ప ఏమీ దిగలేదు. నొప్పికి ఇచ్చిన చుక్కలు పనిచేయడం మానేశాయి. అయినా ప్రాణం పోలేదు. పోస్టాఫీసు నుంచి విట్బీ పోలీసులకి ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టర్ క్రాలీ ఒంటిగంట రైలుకి వస్తారు. కూతుర్ని ఇల్లు కదలనివ్వద్దన్నారు."

"కూతుర్నా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు? మూడేళ్ళ చాకిరీ. విసిగిపోయింది. జాలిపడో, విసుగుతోనో. చట్టానికి రెండూ ఒకటే కదా."

గార్బట్‌కి క్రాలీ తెలుసు. బయల్దేరేటప్పుడే ముద్దాయికి కూడా తిరుగు టికెట్ కొనే మనిషని స్టేషన్‌లో జోకు. హెస్టర్ కూడా తెలుసు. ఒకే బడిలో చదివారు. రైలు వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చాలి, లేకపోతే ఆమె మెడకి ఉరితాడే.

"ఈ కిటికీ మీరు తీశారా?"

"లేదు. నేను వచ్చేసరికే తీసి ఉంది. హంతకుడు అటునుంచి పారిపోయాడంటారా?" డాక్టర్ నవ్వబోయాడు. "జానెడు సందులోంచా?"

"మనిషి పట్టడు" అన్నాడు గార్బట్. "ప్రాణం పడుతుంది."

*

వంటింట్లో హెస్టర్ మోకాళ్ళ మీద వంగి బల్ల కింద వెతుకుతోంది. ఏడవడం లేదు.

రూబెన్ పొయ్యి దగ్గర కూర్చున్నాడు. రెండు చేతులూ ఊలు జెర్సీ మీద బిగించి కట్టుకున్నాడు. పొయ్యి మండుతున్నా వణుకుతున్నాడు.

"ఏం వెతుకుతున్నావు హెస్టర్?"

"పిల్లి కనబడట్లేదు ఏమోస్. నల్లపిల్లి. ఎక్కడా లేదు."

డాక్టర్ గుమ్మంలో ఆగాడు. "తల్లి పైన పడుంటే పిల్లి కోసం వెతుకుతోందా?"

హెస్టర్ అతనివైపు చూడను కూడా చూడలేదు. "జేబెజ్ ఇంకా సముద్రం మీదున్నాడు. వాడు పడవెక్కిన రోజునుంచీ దాన్ని గడప దాటనివ్వలేదు నేను. ఇప్పుడది బయటికెళ్ళిపోతే వాడింక తిరిగి..."

"పోనీలే హెస్టీ" అన్నాడు రూబెన్.

"పోనీలే ఏంటి? నీకు మతి పోయిందా?"

గార్బట్ కుర్చీ లాక్కున్నాడు.

"పాలకెళ్ళేటప్పుడు అమ్మ ఎలా ఉంది?"

"మూలుగుతోంది. రోజూలాగే."

"తలుపు?"

"దగ్గరగా వేశాను. గడియ పెట్టలేదు. ఈ ఊళ్ళో ఎవరు పెడతారు?"

"అప్పుడు పిల్లి లోపలుందా?"

"ఉంది. నాతోపాటు బయటికి రాబోతే కాలితో వెనక్కి నెట్టాను."

"వచ్చేసరికి?"

"తలుపు వేసే ఉంది. పిల్లి లేదు." ఆమె బల్ల కిందినుంచి లేచింది. "పైకెళితే అమ్మా లేదు."

"కిటికీ?"

"తీసే ఉంది. అద్దం మాత్రం నేనే కప్పాను."

గార్బట్ రూబెన్ వైపు తిరిగాడు. "నువ్వెక్కడున్నావు?"

"ఎర కొట్టులో. గాలాలకి ఎర గుచ్చుతున్నా."

"ఎవరైనా చూశారా?"

"చేపలు చూసుంటాయి" అన్నాడు రూబెన్. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

*

డైనా పెరట్లో నీళ్ళు కాస్తోంది. గార్బట్ ఆమె పక్కన నిలబడ్డాడు.

"డైనా, ఈ వీధిలో పావురాలు ఎవరు తింటారు?"

"ఈ వీధిలోనా? చేపలకే మొహం మొత్తి చస్తున్నాం." ఆమె ఆగింది. "ఎందుకడిగారు? హెస్టర్ తెచ్చింది. పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం. పైనున్న పొలంలో వేటాడిన పావురాల్ని సంచి నిండా మోసుకొచ్చింది. రొట్టెలో పెట్టి కాల్చుతుందేమో, ఒక ముక్క మా గడపకీ వస్తుందేమో అనుకున్నా. ముక్క కాదుగదా, వాసన కూడా రాలేదు! మాంసమంతా పిల్లికి పెట్టినట్టుంది. నాకంటే ఆ పిల్లి బాగా బతికింది."

అని నవ్వబోయిన డైనా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో దేవుడా! ఈకల కోసమా?"

గార్బట్ లోపలికి నడిచాడు.

హెస్టర్‌ని పాత్రలు కడిగే చిన్న గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"సంచి ఏది హెస్టర్?"

"ఏ సంచి?"

"పావురం ఈకల సంచి. మీ అమ్మ తల కింద నువ్వు పెట్టింది."

ఆమె నీళ్ళతొట్టి అంచు పట్టుకుంది. 

"అమ్మే అడిగింది" అంది. "జేబెజ్‌ని చూసి పోతానంది. డాక్టర్ రెండు రోజులన్నాడు. రెండు రోజుల్లో వాడెక్కణ్ణుంచి వస్తాడు? మంచు కరిగితే వస్తాడు, ఈ వారం వస్తాడు అని... అమ్మ పాత ఏప్రన్ చింపి సంచి కుట్టాను. దిండు కిందికి తోశాను."

"నొప్పి పడింది కదా."

"పడింది. అరిచింది. చివరి నాలుగు రోజులూ నన్ను పంపించెయ్యమని అరిచింది. రెండుసార్లు చెయ్యి పెట్టాను ఏమోస్, లాగేద్దామని. లాగలేకపోయాను. వాడు రేపే వస్తేనో?"

"ఇప్పుడేది?"

"లేదు. పాలు కింద పెట్టగానే చూశాను. నేను వెళ్ళేటప్పుడుంది, వచ్చేసరికి లేదు."

"డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే?" అంది హెస్టర్. "అమ్మని అన్నాళ్ళు నేనే ఏడిపించానని చెప్పనా?"

గార్బట్ పెరటి తలుపు తీశాడు. బాట మీద చిన్న చిన్న పిల్లి అడుగులు. వాటి పక్కన పెద్ద బూట్ల గుర్తులు. మంచు సగం పూడ్చేసింది. రేవు చుట్టుపక్కల ప్రతి మగాడివీ అలాంటి బూట్లే.

సంచి తీసినవాడికి దాని అర్థం తెలుసు. కిటికీ తీశాడంటే మన ఊరివాడే. అయితే, మన ఊరివాడెవడైనా జేబెజ్ రాకముందే ఆ సంచిని ఎందుకు లాగుతాడు?

ఆ ప్రశ్న దగ్గర గార్బట్ ఆగిపోయాడు. ఆ తర్వాత దాదాపు పరిగెత్తుతూ పోస్టాఫీసుకి వెళ్ళాడు.

"హల్ రేవు పోలీసులకి కలుపు" అన్నాడు అక్కడి అమ్మాయితో. "త్వరగా."

హల్ లైను దొరకడానికి చాలా సేపు పట్టింది. మాట్లాడటానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫోన్ పెట్టేశాక అతను అక్కడే నిలబడిపోయాడు.

"మంచి కబురేనా, సార్జెంట్ గారూ?" అంది ఆ అమ్మాయి.

అతను డబ్బులు బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. రేవులో నీరు నిండుగా ఉంది. పోటు అయిపోవచ్చింది.

*

పన్నెండున్నర.

వంటింట్లో అందరూ ఉన్నారు. హెస్టర్ బల్ల దగ్గర. డైనా ఆమె వెనక. డాక్టర్ కిటికీ పక్కన, చేతిలో గడియారం. రూబెన్ పొద్దుటినుంచీ కదలని చోటే.

గార్బట్ బల్ల మీద రెండు ఈకలు పెట్టాడు.

"డాక్టర్ గారూ, మీరు చెప్పింది నిజం. ఊపిరాడకుండా చేసి చంపారు. దిండుతో మాత్రం కాదు. ఈ తెల్లది దిండులోది, బాతు ఈక. ఈ బూడిద రంగుది గొంతులో దొరికింది, పావురానిది. ఈ ఊళ్ళో ఏ దిండులోనూ పావురం ఈక ఉండదు. కలిసిందని అనుమానమొస్తే దిండే కాల్చేస్తారు."

"ఎందుకని?"

"దాని మీద తల పెట్టిన మనిషికి ప్రాణం పోదు. వేదనంతా పడుతుంది గానీ పోదు. దూరాన్నుంచి ఎవరైనా రావాల్సి ఉంటే అంతవరకూ నిలబెట్టడానికి అవే ఈకలు సంచిలో కట్టి తల కింద పెడతారు. హెస్టర్ పన్నెండు రోజుల కిందట పెట్టింది. జేబెజ్ కోసం."

డాక్టర్ హెస్టర్ వైపు చూశాడు. ఆ పన్నెండు రోజులూ అతని కళ్ళలో కదిలాయి.

"బతికించాలని పన్నెండు రోజులు పెనుగులాడిన మనిషి పదమూడో రోజు చంపదు. వేరేవాడు వచ్చాడు. సంచి కనబడింది. లాగేశాడు. ఆ సంచినే ముఖం మీద పెట్టాడు. ప్రాణం పోవడానికి కిటికీ తీశాడు. వెళ్ళిపోతూ తలుపు తెరిస్తే పిల్లి బయటికొచ్చింది. అతను చూశాడు. చూసి కూడా దాన్ని పోనిచ్చాడు."

గార్బట్ పెరటి తలుపు వైపు చూశాడు.

"పిల్లి సంగతి నాకు పొద్దున అర్థం కాలేదు. హెస్టర్ చెబుతూనే ఉంది. మనం వినలేదు." గార్బట్ గొంతు తగ్గించాడు. "మనిషి సముద్రం మీదుండగా ఆ ఇంటి పిల్లిని గడప దాటనిచ్చేవాడు ఈ ఊళ్ళో లేడు. తాగినవాడైనా కాలు అడ్డం పెడతాడు. రూబెన్, మీ నాన్న వేటకెళితే నీ కాలు ఎలా వెళ్ళేదో నాకు గుర్తుంది. బడికి వస్తూ, చేతిలో రొట్టె తింటూ, వెనక్కి చూడకుండానే పిల్లిని లోపలికి తోసేవాడివి. అలాంటి కాలు ఇవాళ ఎందుకు లేవలేదు?"

రూబెన్ నేల వైపు చూస్తున్నాడు.

"ఈకలు తీశాడు. పిల్లిని వదిలేశాడు. రెండూ జేబెజ్ కోసం పెట్టినవే. రెండింటితోనూ ఇక పని లేదని ఆ మనిషికి తెలుసు. నేను హల్‌కి ఫోన్ చేశాను."

"ఏమోస్, వద్దు" అన్నాడు రూబెన్.

"ఏం వద్దు?" హెస్టర్ లేచింది. "ఫోన్‌లో ఏం చెప్పారు?"

గార్బట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ట్రాలర్ మునిగిపోయింది హెస్టర్. మంచు పేరుకుని బరువెక్కి తిరగబడిందట. పక్క పడవవాళ్ళు చూశారు. ఒక్కడూ మిగల్లేదు. జనవరి ఆఖర్లో జరిగింది. ఇంట్లో చెప్పమని విట్బీ రేవులో ట్రాలర్ కంపెనీ మనిషి రూబెన్‌కి చెప్పాడు."

హెస్టర్ ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటోంది.

"నేను ఈకలు పీకింది ఆదివారం" అంది. "అప్పటికే వాడు లేడా?"

ఆమె రూబెన్ వైపు తిరిగింది.

"రూబెన్, అప్పటికే లేడా?"

"లేడు హెస్టీ."

"నీకు తెలుసా?"

"తెలుసు. అమ్మ ఆ ఆశతోనే పోనీ, రెండు రోజులే కదా అనుకున్నా. అమ్మ పోయాక నీకు చెబుదామనుకున్నా. అమ్మ పోలేదు. రోజూ వచ్చి చూస్తున్నా, పోవట్లేదు. ఎందుకు పోవట్లేదో నాకేం తెలుసు?"

అతను జెర్సీ లోపలికి చెయ్యి పెట్టాడు. నీలం గళ్ళ సంచి బయటికొచ్చింది. నలిగిపోయి ఉంది. కుట్ల సందుల్లోంచి బూడిద రంగు ఈకలు పొడుచుకొచ్చాయి.

"కాలిస్తే ఊరంతా వాసనొస్తుంది. నీళ్ళలో వేస్తే పోటు వెనక్కి తెచ్చేస్తుంది" అన్నాడు. "పారేయడానికి చోటే దొరకలేదు ఏమోస్."

"పొద్దున ఏం జరిగింది?"

"తల సర్దబోతే చేతికి తగిలింది. లాగాను. ఇక పోతుందనుకున్నా. పోలేదు. ఆటు అయిపోయింది కదా. మళ్ళీ ఆటు మధ్యాహ్నం గానీ రాదు. కళ్ళు తెరిచి నన్ను చూసింది. 'జేబెజ్, వచ్చావా' అంది." రూబెన్ చేతిలోని సంచిని ఒకసారి తిప్పాడు. "వచ్చానమ్మా అన్నాను. 'మరింక పంపించెయ్యి నాన్నా' అంది. సంచి నా చేతిలోనే ఉంది."

డాక్టర్ గడియారం జేబులో పెట్టేశాడు.

"హెస్టర్‌ని తీసుకెళ్ళడానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని నీకు తెలుసు" అన్నాడు గార్బట్. "అయినా ఊరుకున్నావు."

"రైలు వచ్చేలోపు చెబుదామనే కూర్చున్నా. చెప్పాలంటే జేబెజ్ సంగతి కూడా చెప్పాలి. నోరు రాలేదు."

"నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా రూబెన్?" అంది హెస్టర్. "వాడు లేడని తెలిస్తే ఆ రోజే లాగేసేదాన్ని కదా."

"నువ్వు చెప్పావా నాకు, అమ్మ తల కింద ఏం పెట్టావో?"



*

ఇన్‌స్పెక్టర్ క్రాలీ టికెట్ వృథా పోలేదు. మనిషి మాత్రం మారాడు.

రూబెన్‌ని బాట మీదుగా స్టేషన్‌కి నడిపిస్తున్నారు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ప్రతి తలుపు వెనకా కళ్ళున్నాయి. రేవులో నీరు రాళ్ళు వదిలి వెనక్కి జారుతోంది.

హెస్టర్ గుమ్మంలో నిలబడి అటే చూస్తోంది.

"ఆటు మొదలైంది" అంది. "రూబెన్ ఆ సంచి లాగేసి ఊరుకున్నా, ఇప్పుడు పోయేదేమో అమ్మ. తనంతట తనే."

గార్బట్‌కి ఆ మాట రూబెన్ ఒప్పుకున్నప్పుడే తట్టింది. చెప్పకుండా దాచుకున్నాడు.

"అతన్ని ఉరి తీస్తారా ఏమోస్?"

"లాయర్ ఉంటాడు. జ్యూరీకి జాలి ఉండొచ్చు."

"చట్టానికి?"

అతను టోపీ పెట్టుకున్నాడు.

"నన్నూ తీసుకెళ్ళు. అమ్మని అన్నాళ్ళు నొప్పిలో కట్టేసింది నేనే. రూబెన్ ఒక్క నిమిషం నొక్కాడు. నేను పన్నెండు రోజులు నొక్కాను."

"అది నేరం కాదు హెస్టర్. ఏ చట్టంలోనూ దానికి సెక్షన్ లేదు."

"అయితే నాకు శిక్ష ఎవరు వేస్తారు?"

 పొద్దున ఆమెని ఉరినుంచి తప్పించాలని పరిగెత్తాడు. తప్పించాడు. తప్పించి ఆమెని ఈ ఇంట్లో వదిలిపెడుతున్నాడు. రూబెన్‌ని కాకుండా తననే తీసుకెళ్ళి ఉంటే బాగుండేదని ఆమె ముఖం మీద స్పష్టంగా రాసి ఉంది.

గోడ మూలనుంచి నల్లపిల్లి వచ్చింది. తడిసి ముద్దయింది. సార్జెంట్ బూట్లకి ఒళ్ళు రుద్దుకుంటూ లోపలికి దూరింది. పొయ్యి దగ్గర, రూబెన్ కూర్చున్న కుర్చీ కింద వాసన చూసింది. అక్కడ ఎవరూ కనబడకపోయేసరికి మళ్ళీ గుమ్మం వైపు బయల్దేరింది.

హెస్టర్ కాలు అడ్డం పెట్టింది. మెల్లగా దాన్ని లోపలికి తోసింది.

"ఇంకా ఎందుకమ్మా దాన్ని కట్టేయడం?" అంది వెనకే నిలబడ్డ డైనా, ఏడుస్తూనే. "పోనీ. జేబెజ్ ఇక రాడు కదా."

"రూబెన్ బయటున్నాడు కదా" అంది హెస్టర్.

తలుపు మూసింది. ఆ ఊళ్ళో ఎవరూ పెట్టని గడియ లోపలినుంచి పడిన చప్పుడు గార్బట్‌కి వినిపించింది.